పెడళ్లకు వేసిన పీట

మా అత్తగారింట్లో రెండు పెండ్లి పీటలు ఉండేవి. టేకు పీటలు. పొట్టి కాళ్లు, పైన నడుమ చెక్కిన తామర పువ్వు. వాటిలో ఒకదాని మీది పువ్వుకు ఒక రేకు సగం విరిగి ఉండేది. మా అత్తమ్మ పెండ్లి ఆ పీటల మీదే అయింది, నా పెండ్లీ వాటి మీదే అయింది. గద్వాలలో మా వాడకట్టులో ఎవరింట్లో పెండ్లి అనుకున్నా పందిరి మాట తర్వాత, ముందు మా అత్తమ్మ దగ్గరికి వచ్చి పీటలు చెప్పిపోయేవారు. ఆ పీటల మీద కూచున్న జంట విడిపోదని పేరు. నిజమో కాదో నాకు తెలియదు. కొట్టుకున్న జంటలను నేను చాలామందిని చూశాను. కొట్టుకుని కూడా కలిసే ఉన్నారు మరి.

పీటలు తిరిగి ఇవ్వడానికి ఒక పద్ధతి ఉండేది. కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మీద రవికె గుడ్డ, ఆకులు, వక్కలు పెట్టి ఆ ఇంటి ఆడవాళ్లు మోసుకొచ్చేవారు. చంకలో ఇరికించుకుని రాకూడదు. రెండు చేతుల మీద అడ్డంగా, పసిపిల్లను తెచ్చినట్టు తేవాలి. అట్లా వచ్చిన రవికె గుడ్డలు మా ఇంట్లో ఒక మూట ఎప్పుడూ ఉండేది. కుట్టించుకునే లోపలే ఇంకొకటి వచ్చిపడేది. నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, లెక్కలు రావు గానీ ఏ గుడ్డ ఎవరి పెండ్లిదో ఇప్పటికీ చెప్పగలను. ఆ గుడ్డల్లో కొన్ని మా మరిది గిటార్ డబ్బాలకు గలీబులయ్యాయి. పీట కూడా అటే పోయింది. అది ఎట్లా పోయిందో చెప్తాను.

మా ఆయనకు బస్టాండు దగ్గర సైకిల్ షాపు. ఊళ్లో అప్పటికే మోటారు బండ్లు ఎక్కువైపోయి, పంక్చర్లు తప్ప పెద్ద పని ఉండేది కాదు. మా మరిది ఆయనకంటే బాగా చిన్న. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు బడికి పోతున్నాడు, తలకు నూనె రాసి పంపింది నేనే. వాడు ఇంటర్ చదివి, చర్చి దగ్గర ఒక మాస్టారుతో గిటార్ నేర్చుకుని, ఊళ్లోని ఆర్కెస్ట్రా పార్టీలో చేరాడు. పెండ్లిళ్లకు, వినాయక చవితికి పిలిస్తే పోయేవారు. రాజోలి, ఆత్మకూరు, వనపర్తి, నాగర్‌కర్నూలు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి.

ఒకసారి హైదరాబాదు పోయి, ఎవరో వాడి వదిలేసిన నాలుగు ఇనుప డబ్బాలు సంచిలో వేసుకుని వచ్చాడు. అరచేతిలో పట్టేంత డబ్బాలు. ఒకటి నారింజ పండు రంగు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నలుపు. వాటిని పెడళ్లు అంటారని చెప్పాడు. గిటార్ వైరు ముందు ఈ డబ్బాల్లోంచి దూరి, తర్వాత స్పీకరుకు పోవాలట. మాకు చూపిద్దామని నడింట్లో చాప మీద బాసిపట్లు వేసుకుని కూచుని, బొటనవేలితో ఒక్కొక్క డబ్బా మీట నొక్కుతూ తీగ మీటాడు. నారింజ డబ్బా నొక్కితే గిటార్ గొంతు బొంగురు పోయి అరిచినట్టు వచ్చింది. నీలం డబ్బా నొక్కితే బావిలోకి వంగి పిలిచినట్టు మోగింది. మా అత్తమ్మ ఆ నీలం డబ్బాను మళ్లీ నొక్కు, మళ్లీ నొక్కు అని నాలుగైదు సార్లు నొక్కించింది. తర్వాత తనే వంగి చేత్తో నొక్కి చూసి నవ్వింది.

మేం చూసింది అదీ. చేత్తో నొక్కడం.

ఇంట్లో బాగానే మోగేవి. బయటికి పోతేనే కష్టం. వాడు వాటిని బడి సంచిలో వేసుకుని బస్సు పైకి ఎక్కించేవాడు. దిగేసరికి ఒకదానికొకటి కొట్టుకుని రంగు లేచిపోయేది, మీటలు వంగేవి, డబ్బాకూ డబ్బాకూ మధ్య ఉండే పొట్టి వైర్లు మొదళ్ల దగ్గర తెగేవి. స్టేజీ మీద వాటిని కింద పరిచి ఒక్కొక్కటే తగిలించేసరికి మిగతా వాళ్లందరూ వాయించడానికి తయారై వీడి మొహం చూస్తూ నిలబడేవారు. నొక్కినప్పుడల్లా డబ్బా జారి ముందుకు పోయేదట. అదంతా వాడు అన్నం తింటూ చెప్పేవాడు, నేను వింటూ కూర వడ్డించేదాన్ని. జారిపోతే చేత్తో పట్టుకో అన్నాను ఒకరోజు. వాడు నవ్వి, చేతులు గిటార్ మీద ఉంటాయి కదా వదినే అన్నాడు. అక్కడన్నా నాకు తెలియాల్సింది. తెలియలేదు.

నాగర్‌కర్నూలులో ఒక రిసెప్షన్లో పాట నడుమ పాడే అమ్మాయి కాలికి వైరు చుట్టుకుని, నల్ల డబ్బా దొర్లిపోయి, గిటార్ మొత్తం ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. తిరిగి వచ్చేటప్పుడు పార్టీ నడిపే ఆయన వాణ్ని జీపులో పక్కన కూచోబెట్టుకుని మెత్తగానే చెప్పాడట. "తమ్మీ, కీబోర్డుల గిటార్ ఉన్నది, సన్నాయి ఉన్నది, వీణ ఉన్నది. దానికి వైరు తెగదు, జీపుల జాగ అక్కర్లేదు. ఇంగొక్కపారి నీ సౌండు ఆగితే నేనేం జెయ్యలేను."

వాడు ఆ మాట మాకు చెప్పి, అన్నం సగంలో వదిలేసి లేచాడు. వాడికి వేరే పని రాదు. సైకిల్ షాపులో ఇద్దరికి పని లేదు. ఆ పార్టీలోంచి తీసేస్తే ఏ కంపెనీ గేటు ముందరో కావలికి నిలబడాలని మాకందరికీ తెలుసు.

పైగా ఆ నెలలోనే వనపర్తిలో పెండ్లి ఉంది. మా అత్తమ్మ తరఫు చుట్టాలు. పెండ్లికూతురి నాయనమ్మ ఒకప్పుడు గద్వాలలో మా వాడకట్టులోనే ఉండేది. మా అత్తమ్మ నోటిమాట మీదే వాళ్లు ఈ ఆర్కెస్ట్రాను చెప్పుకున్నారు. చుట్టాలందరి ముందు సౌండు ఆగితే వాడి పని పోవడమే కాదు, మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?

అందుకని ఇంటిల్లిపాదీ డబ్బాల మీద పడ్డాం.

మొదట వాడే ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చి, బడి సంచులకు ఉంటుందే, చిర్రుమని ఊడే అంటుకునే పట్టీ, దాన్ని జిగురుతో డబ్బాల అడుగున, చెక్క మీద అంటించాడు. చూడ్డానికి బాగుంది. ఎండాకాలం పాలమూరు ఎండ సంగతి మీకు తెలిసిందే. మధ్యాహ్నానికి జిగురు కరిగి పాకంలా సాగి, డబ్బాలు నాలుగూ ఒక మూలకు చేరి కూచున్నాయి. మా ఆయన చూసి, "నీ డబ్బలు నీడకు వొయినయిరా," అన్నాడు.

అన్నాడే గానీ ఆ సాయంత్రం షాపు నుంచి పాత సైకిల్ చైను ఒకటి తెచ్చాడు. గొలుసును ముక్కలు ముక్కలుగా విడదీశాడు. ఒక్కొక్క ముక్కకు అటొక కన్నం, ఇటొక కన్నం. డబ్బా అడుగున మూలలకు ఉండే స్క్రూ విప్పి, చైను ముక్క ఒక కన్నంలోంచి అదే స్క్రూ మళ్లీ బిగించాడు. రెండో కన్నం డబ్బా బయటికి చెవిలాగా వచ్చింది. ఆ చెవిలోంచి చెక్కలోకి ఇంకో స్క్రూ. ఇక డబ్బాను ఏనుగు తొక్కినా కదలదు. కానీ ప్లైవుడ్ పలచన. సైకిల్ క్యారియర్‌కు కట్టి గుంతల్లో తిప్పుకొస్తే వంగి, స్క్రూలు పైకి లేచాయి. పైగా వైర్లు పోవడానికి కింద జాగ లేదు. కరెంటు అడాప్టరు పెట్టడానికీ జాగ లేదు.

"దిట్టమైన చెక్క గావాలె వదినే," అన్నాడు మరిది. "కింద పొట్టి కాళ్లుండాలె. వైర్లన్ని కిందికెళ్లి వోవాలె."

నేను ఇల్లంతా చూశాను. చపాతీల పీట గుండ్రం. స్టూలు కాళ్లు కోద్దామంటే అది ఊగుతుంది. మంచం కోడు, తలుపు చెక్క, అన్నీ అయ్యాయి. మా అత్తమ్మ గడపలో కూచుని బియ్యం ఏరుతూ మా మాటలు వింటున్నది. చేట పక్కకు పెట్టి లేచి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. విరిగిన రేకు ఉన్న పీటను గుడ్డ విప్పి, రెండు చేతుల మీద పెట్టుకుని మెల్లగా దిగింది.

ఆమే అన్నది. "దేవునికి పీటేస్తం, మనిషికి పీటేస్తం. వాద్యం గూడ సరస్వతే గద. కూసోనీ."

కన్నాలు పడతాయి అమ్మా అని మా ఆయన నసిగాడు. పడనీ, పిల్లగాడు నిలబడితే చాలు అన్నది. ఒక్కటే షరతు పెట్టింది. పువ్వు మీద స్క్రూ పడొద్దు. ఒక పీట పోతే రేపు అడగడానికి వచ్చే వాళ్లకు ఏం చెప్తాం అంటే, ఒక్క పెండ్లికే కదా, వనపర్తి పోయి రాంగానే వడ్లాయనతో వేరే చెక్క చేయించి దీన్ని మళ్లీ అటక ఎక్కిద్దాం, నాలుగు కన్నాలు మైనం పెట్టి పూడిస్తే సరి అన్నది. మరిది ఆ పీటను చూసి నోరు తెరిచి మళ్లీ మూశాడు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాం.

మా ఆయన పువ్వును వదిలి చుట్టూ నాలుగు డబ్బాలు బిగించాడు. వైర్లను కాళ్ల సందులోంచి కిందికి పంపి, సైకిల్ ట్యూబు పీలికలు కోసి అడాప్టరును అడుగున కట్టేశాడు. వెనక కాళ్ల కింద రెండేసి బ్రేకు రబ్బర్లు మేకులు కొట్టి దించాడు. పీట ముందుకు కొంచెం వాలింది, నేల మీద జారదు. బయటికి ఒక్క ప్లగ్గు, రెండు వైర్లు మాత్రమే వచ్చాయి.

మోసుకుపోవడానికి షాపులో పానాలు పెట్టుకునే రేకు పెట్టె ఇచ్చాడు. నేను దాన్ని కిరసనాయిలుతో తుడిచి, బొగ్గుపొడితో తోమి, జిడ్డు పోయేదాకా ఎండబెట్టాను. సీట్లు కుట్టే సాయిబు దగ్గర చిరిగిన సీట్లలోంచి తీసిన స్పాంజి ముక్కలు తెచ్చి అడుగున, పక్కల కుట్టాను. మీటలు, గుండీలు విరగకుండా రవికె గుడ్డలు మడిచి ఒక్కొక్క డబ్బాకు ఒక్కొక్కటి తొడిగాను, గలీబుల్లాగా. నారింజ డబ్బాకు పోస్ట్‌మ్యాన్ కూతురి పెండ్లి గుడ్డ, నీలం దానికి మిరపకాయల వ్యాపారం వాళ్లది. మూత మీద దుమ్ము, వాన పడకుండా పాత రెగ్జిన్. మా ఆయన పెట్టెను క్యారియర్‌కు కట్టుకుని రైల్వే గేటు దాకా కంకర రోడ్డు మీద పోయి వచ్చాడు. తెరిచి ప్లగ్గు పెడితే నాలుగు డబ్బాల దీపాలు ఎర్రగా వెలిగాయి. మా అత్తమ్మ పీట అంచులకు పసుపు రాసి, డబ్బాలకు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చింది. నా జన్మలో నేను చేసిన ఏ పని గురించీ అంత గర్వపడలేదు.

వనపర్తికి జీపులో పోయాం. జూరాల కట్ట మీద గాలికి అందరం మొహాలు కప్పుకుంటే, మా అత్తమ్మ మాత్రం ఒక చెయ్యి పెట్టె మూత మీద పెట్టుకుని కూచుంది. గుంత వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి గట్టిగా అదిమేది.

పొద్దున పెండ్లి అయింది. పొద్దుగూకే వేళకు ఇంటి ముందర షామియానా కింద స్టేజీ మీద ఆర్కెస్ట్రా. మిగతా వాళ్లు వైర్ల చిక్కులు విప్పుకుంటుంటే మా మరిది పెట్టె తెరిచి, గుడ్డలు తీసి, పీటను ఎత్తి కింద పెట్టి, ఒక్క ప్లగ్గు పెట్టాడు. అంతే. పార్టీ నడిపే ఆయన, అప్పుడే అయిపాయెనా అని రెండుసార్లు అడిగాడు. ముందు వరసలో కూచున్న నేను పక్కనామెకు, ఆ పెట్టెలో స్పాంజి నేనే కుట్టానని చెప్పాను. రెండో పక్కన మా అత్తమ్మ గ్లాసుతో షర్బత్ పట్టుకుని ఉంది. ఆమె కొడుకును స్టేజీ మీద చూడ్డం అదే మొదటిసారి. నేను ఒకసారి వినాయకుడి దగ్గర చూశాను గానీ, జనం తలల మీదుగా తల, గిటార్ కనిపించాయి, అంతే.

మరిది లోపలికి పోయి అందరిలాగే కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని వచ్చాడు. అది ఆ పార్టీ పద్ధతి.

పాట మొదలైంది. వాడు గిటార్ వాయిస్తూ కుడికాలు ఎత్తాడు. నల్ల బూటు వచ్చి పీట మీద దిగింది. నారింజ డబ్బా అరిచింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దిగింది. ఒక్కో చరణానికి రెండేసి సార్లు. బూటు మడమ పోయి తామర పువ్వు మీద ఆనుతున్నది. అంచులకు రాసిన పసుపు బూటు కొనకు అంటి, లైట్ల వెలుగులో దూరానికి కూడా పచ్చగా కనిపిస్తున్నది.

నేను మా అత్తమ్మ వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. గ్లాసు కింద పడ్డ చప్పుడు మాత్రం విన్నాను. ఎవరో పిల్ల వచ్చి, అవ్వా నీ చీర తడిసింది అని చెప్పినా ఆమె కాళ్లు తీయలేదు.

పాట అయిపోయింది. పెండ్లికూతురి నాయనమ్మ లేచి స్టేజీ ఎక్కింది. పాడే అమ్మాయికి బహుమానం ఇవ్వడానికి పోతుందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆమె పాడే అమ్మాయిని దాటిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, పీటను చూసింది. ఆమె పెద్ద కొడుకు పెండ్లి, అంటే ఈ పెండ్లికూతురి నాయన పెండ్లి, గద్వాలలో ఆ పీట మీదే అయింది. లేచి మా అత్తమ్మను చెయ్యి ఊపి పిలిచింది. మా అత్తమ్మ పోయింది. ఆమె వెంట నేనూ పోయాను, స్టేజీ మెట్ల దాకా.

"ఏమమ్మా," అన్నది ఆమె. "ఇది మీ ఇంటి పీట గాదు?"

పాడే అమ్మాయి చేతిలో మైకు ఆపకుండా పట్టుకుని వాళ్ల పక్కనే నిలబడి ఉంది. ఆ మాట షామియానా అంతా వినబడింది. ఎవరికీ మైకు ఆపాలని తోచలేదు. పార్టీ నడిపే ఆయన వచ్చి, ఏమైంది అవ్వా, తీసెయ్యమంటావా అంటూ ప్లగ్గు దగ్గరికి వంగాడు. ప్లగ్గు తీస్తే డబ్బాలు మళ్లీ నేల మీదికి. సౌండు ఆగినట్టే. మా మరిది మెడలో గిటార్ ఉంది గానీ, ఆ చేతులు వాడివి కానట్టు వేలాడుతున్నాయి.

మా అత్తమ్మ వాణ్ని చూసింది. తర్వాత ఆ నాయనమ్మను చూసింది.

"గాదక్కా. మా పీటలు అటక మీద్నే ఉన్నయి. ఇది వడ్లాయనతోని గట్లనే కొట్టిచ్చిన పలక."

"పువ్వు గూడ గట్లనే కొట్టిండా?"

"కొట్టిండు."

"రేకు గూడ ఇరగ్గొట్టిండా?"

ఎవరో వెనక నవ్వారు. నవ్వింది ఒక్కరే, కానీ ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ నాయనమ్మ మా అత్తమ్మ మొహం కేసి చూసి, "సరే. నువ్వు పలకంటే పలకనే. వాయించనీ పిల్లగాన్ని," అని దిగిపోయింది.

మా మరిది గిటార్ మెడలో ఉండగానే కింద కూచుని బూట్లు విప్పాడు. మేజోళ్లు విప్పాడు. కోటు, ప్యాంటు, ఒట్టికాళ్లు. పీటకు దండం పెట్టలేదు. పెడితే అది పీటేనని ఒప్పుకున్నట్టు. తల్లి మాట అబద్ధం అయిపోతుంది. అట్లాగే లేచి రెండో పాట అందుకున్నాడు. భోజనాలు అయ్యేదాకా వాయించాడు. సౌండు ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఆయన బిగించిన చైను ముక్కలు ఒక్కటి కూడా కదలలేదు. ఎవరన్నా మెచ్చుకుంటారేమోనని భయపడుతూ కూచున్నాను నేను.

వచ్చేముందు ఆ నాయనమ్మ మా ఆడవాళ్లకు బొట్టు పెట్టి రవికె గుడ్డలు ఇచ్చింది. నాకు ఒకటి ఇచ్చింది. మా అత్తమ్మకు రెండు ఇచ్చింది.

"ఒకటి నీకు. ఒకటి పలకకు."

మా అత్తమ్మ రెండూ కళ్లకద్దుకుని తీసుకున్నది. ఇంకేం చేస్తుంది?

జీపులో కొంతదూరం పోయాక పార్టీ నడిపే ఆయన ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, వచ్చే వారం నాగర్‌కర్నూలు ప్రోగ్రాం ఉంది తమ్మీ, ఆ పలక పట్టుకుని రా, మస్తుగా పనిచేసింది అన్నాడు. మరిది సరే అన్నా అన్నాడు. వాడి పని నిలబడింది. మేం కోరుకున్నదే జరిగింది. ఆ మాట విని మాలో ఒక్కరికీ మొహం ఎత్తబుద్ధి కాలేదు. ఈసారి పెట్టె మూత మీద మా అత్తమ్మ చెయ్యి లేదు. నేను పెట్టాను.

ఇంటికి వచ్చాక మా ఆయన మీద లేచాను. కాలితో తొక్కేదని ఒక్క మాట ముందు చెప్పాల్సింది కదా అన్నాను. "సైకిల్ పెడల్ చేత్తోని తొక్కుతరా ఎవరన్న?" అని నా మీదికే లేచాడు. "మీకు తెల్సనుకున్న." మరిది మాత్రం తల్లి ముందు కూచుని, చెప్పేవాణ్నే అమ్మా, నువ్వు పీట పట్టుకుని అటక దిగుతుంటే నాకు నోరు రాలేదు అన్నాడు. వేరే చెక్క చేయించి దీన్ని విప్పుదాం అన్నాడు. మా అత్తమ్మ వద్దన్నది.

"పలకని నలుగురి ముందట చెప్పిన. ఇగ అది పలకనే. మల్ల తెచ్చి ఎవరి బిడ్డనన్న దాని మీద కూసోవెడితే, అప్పుడు అబద్ధమాడినట్టు."

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాన్ని ఎవరూ పీట అనలేదు. పలక ఎక్కడ పెట్టావు, పలక పెట్టెలో సర్దావా అనే అన్నాం. నాకు మాత్రం ఆ మాట నోట్లో రాయిలాగా తగిలేది.

వాడకట్టులో వాళ్లు అప్పటికీ పీటలకు వస్తూనే ఉన్నారు. మా అత్తమ్మ గడపలో నిలబడి, ఒకటి పలిగింది, ఒకటే ఉంది అని చెప్పేది. ఒక్క పీటతో పెండ్లి ఎట్లా అవుతుంది? వచ్చిన వాళ్లు అయ్యో అని పోయేవారు. వాళ్లు పోయాక ఆమె కాసేపు ఏ పనీ చేసేది కాదు. కొంతకాలానికి రావడం మానేశారు. వనపర్తి సంగతి చుట్టాల నోట గద్వాలకు చేరే ఉంటుంది గానీ, మా మొహం మీద ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండేది. రవికె గుడ్డల మూట కుట్టించుకునే కొద్దీ తరిగి, అడుగంటింది. ఆ పలకకు ఇచ్చిన గుడ్డను మాత్రం మేం ఎవరమూ ముట్టలేదు.

మరిది ఆ తర్వాత ఎప్పుడూ బూట్లతో వాయించలేదు. కోటు వేసుకుని ఒట్టికాళ్లతో నిలబడేవాడు. అది చూసి జనం, ఎంత భక్తి, వాద్యమంటే దేవుడే ఆ పిల్లగాడికి అనేవారు. నాగర్‌కర్నూలులో అయితే ఇంకో పార్టీలో వాయించే వాళ్లు కూడా చెప్పులు విడిచి వాయించడం మొదలుపెట్టారట. మా ఇంటికి వచ్చి ఎవరన్నా ఆ సంగతి పొగిడితే నేను టీ పెట్టే మిషతో లోపలికి పోయేదాన్ని.

రెండు మూడేళ్లకు వాడి పెండ్లి కుదిరింది. ఇంట్లో ఒకటే పీట. ఆ ఒక్క రోజుకు డబ్బాలు విప్పి, కడిగి, పసుపు రాద్దాం అత్తా, ఎవరికి తెలుస్తుంది అన్నాను నేను. ఆమె నన్ను తిట్టలేదు. చీర మార్చుకుని, పద అన్నది.

వెనక వీధిలో కొత్తగా వచ్చిన ఒకామె దగ్గర పీటలు ఉన్నాయి. బజారులో కొన్న పీటలు, పైన ఎర్ర రంగు, పువ్వూ లేదు ఏమీ లేదు. ఆమె మమ్మల్ని చూసి, "మీరు పీటల కొరకొస్తిరా అత్తా? ఊరందరికి మీరే ఇస్తరంటరు గద," అని నవ్వింది. పాపం, ఆమె నిజంగానే అడిగింది. మా అత్తమ్మ కూడా నవ్వడానికి చూసి, ఒకటి పలిగింది బిడ్డా అన్నది. జీవితమంతా ఆ గడపలో ఇచ్చిన మనిషి, ఆ రోజు ఇంకొకరి గడపలో నిలబడింది. నేను ఆమె వెనక, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

పెండ్లిలో కొత్త కోడలిని మా పీట మీద కూచోబెట్టాం. మా మరిది ఎర్ర పీట మీద కూచున్నాడు. తలంబ్రాలప్పుడు కూడా వాడి చూపు పక్క పీట మీది పువ్వు మీదే ఉంది. దాని రేకులన్నీ బాగానే ఉన్నాయి. వాడు చూసే పువ్వు అది కాదు.

మూడో రోజు నేను ఎర్ర పీటను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాను. మా అత్తమ్మ తన చీరల పెట్టెలోంచి, వనపర్తిలో పలకకు ఇచ్చిన గుడ్డ తీసి దాని మీద పరిచింది. ఆకులు, వక్కలు పెట్టుకుని, రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకుని, వెనక వీధి దాకా నడిచిపోయి ఇచ్చాను.

ఆమె గుడ్డను చూసి ఆశ్చర్యపోయింది. ఇదంతా ఎందుకు అక్కా, చంకలో పెట్టుకుని వస్తే సరిపోయేది కదా అన్నది. పీటను తీసుకుని గోడకు ఆనించింది. గుడ్డ మంచిది, చేత్తో తడిమి, ఎక్కడ కొన్నారని అడిగింది.

ఒకరు పెట్టింది, కొన్నది కాదు అని చెప్పి వచ్చేశాను.